పొగ కనబడకపోతే గది శుభ్రమైనట్లేనా?



చలికాలం వచ్చిందంటే మా పిల్లల వార్డులో ఆయాసంతో చేరే పసివారు ఎక్కువవుతారు. అలా చేరిన ఒక పాప నాయనమ్మగారిని, "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?" అని అడిగాము. "ఉంది సిస్టరమ్మా. కానీ వంటయ్యాక పొగంతా పోయేదాకా ఆగి, అప్పుడే పాపను లోపల పడుకోబెడతాం" అన్నారామె. "పోయిందని ఎలా తెలుస్తుందమ్మా?" అంటే, "కళ్ళు మండవు కదా" అన్నారు.

మనలో చాలామంది ఇలాగే అనుకుంటాము. కాని కంటికి కనబడని పొగ తలుపులు మూసిన గదిలో గంటల తరబడి ఉంటుంది. ఎందుకుంటుందో చెప్పే లెక్క ఒకటి ఉంది. దానిని తేలిక మాటల్లో చెబుతాము.

పొగలో ఏముంటుంది?

మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. పొగలోని రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. అవి ఊరికే ఉండవు. గాలి అణువులు అన్ని వైపుల నుండి తాకుతుంటే అటూ ఇటూ వణుకుతూ తిరుగుతాయి. ఇటువంటి కదలికను 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలోని కణాలలో గమనించారు. దాని కారణాన్ని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి వివరించారు. ఇలా తిరిగే రేణువులు ఒకదానికొకటి తగిలితే అతుక్కుపోతాయి. రెండు కలిసి ఒకటవుతాయి.

లెక్క ఏమంటుంది?

ఈ ముద్దకట్టడం ఎంత వేగంగా జరుగుతుందో 1916-17లో పోలండ్ శాస్త్రవేత్త స్మొలుహోవ్‌స్కీ సూత్రం కట్టారు. ద్రవాలలోని కణాల కోసం చేసిన ఆ లెక్క గాలిలోని పొగకూ సరిపోయింది. జాతరను తలచుకోండి. జనం రెట్టింపైతే ఒకరికొకరు తగలడం నాలుగు రెట్లవుతుంది. జనం సగమైతే తగలడం నాలుగోవంతుకు పడిపోతుంది. రేణువులూ అంతే.

ఒక ఘన సెంటీమీటరు గాలిలో 10 కోట్ల రేణువులుంటే, వాటి సంఖ్య సగం కావడానికి సుమారు 20 సెకండ్లు చాలు. 10 లక్షలుంటే అరగంట పడుతుంది. 10 వేలే ఉంటే రెండు రోజులు దాటుతుంది. అంటే దట్టమైన పొగ త్వరగా పలచబడినట్లు కనిపిస్తుంది. ఆ తరువాత మార్పు చాలా నెమ్మది.

అసలు సంగతి ఇక్కడ ఉంది. తగ్గింది రేణువుల సంఖ్య మాత్రమే, మొత్తం బరువు కాదు. రెండు పిండి ఉండలను కలిపి ఒకటి చేస్తే పిండి తగ్గదు కదా!

బరువెక్కి కింద పడిపోవా?

నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల రేణువు ఐదడుగుల ఎత్తు నుండి 8 నిమిషాల్లో నేల చేరుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు దాదాపు 12 గంటలు పడుతుంది. పొగ రేణువులు ముద్దకట్టినా చాలావరకు ఒక మైక్రాన్ లోపే ఉండిపోతాయి. చురుకుగా తిరిగి మరిన్నింటిని తగలలేనంత పెద్దవి, నేల రాలలేనంత చిన్నవి. అందుకే గాలిలోనే వేలాడుతుంటాయి. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు ఆపుతాయి. ఇంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల దాకా పోతాయి. పసిపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు కనుక వారికి హాని ఎక్కువ. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మనమేమి చేయాలి?

1. పొగ తనంతట తాను పోదు, బయటికి పంపాలి. ఎదురెదురుగా ఉన్న తలుపు, కిటికీ తెరవండి. అన్నీ మూసి ఫ్యాను వేస్తే పొగ గదిలోనే తిరుగుతుంది.
2. వీలైతే గ్యాసు పొయ్యి వాడండి. లేకుంటే పొయ్యిని బయట వసారాలో పెట్టి, బాగా ఎండిన కట్టెలే వాడండి.
3. వంట చేసేటప్పుడు బిడ్డను చంకనెత్తుకోకండి.
4. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించకండి. ఒక చుట్ట నుండి 75 నుండి 137 సిగరెట్లకు సమానమైన సన్నని రేణువులు వస్తాయని 2003లో ఒక పరిశోధన తేల్చింది. దోమతెర మేలు.
5. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. ఈ రేణువులు బట్టలోంచి దూరిపోతాయి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేక అంతకు మించి, ఏడాది లోపు 50 లేక అంతకు మించి, ఐదేళ్ళ లోపు 40 లేక అంతకు మించి ఉంటే వెంటనే తీసుకురండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా రాత్రయినా ఆగకండి.

ఆ పాప కోలుకుని ఇంటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నాయనమ్మగారు, "పొయ్యిని పెరట్లోకి మారుస్తాం సిస్టరమ్మా" అన్నారు. మీ ఇంట్లో పొయ్యి ఎక్కడుందో ఈరోజే ఒకసారి చూసుకోండి.