పాత ఇంటి మట్టిలో దొరికిన నాణెం ఏమి చెబుతుంది?

గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాల్లో పాత ఇంటి చుట్టూ మెటల్ డిటెక్టరు మోగితే నిధి దొరికిందని సంబరపడనక్కరలేదు. అక్కడ దొరికేది సాధారణంగా రాగి నాణెమో, సీసపు గుండో, కమ్మరి సాగగొట్టిన మేకో అయివుంటుంది. వాటి వెల స్వల్పమే గాని చరిత్ర స్వల్పం కాదు. ఆ చరిత్రను సరిగా చదవడమెట్లాగో ఇక్కడ పరిశీలిద్దాం.

బందరు అన్న మాటకే పారశీకంలో రేవు అని అర్థం. కుతుబ్‌షాహీల గోల్కొండ రాజ్యానికి ఇది ప్రధానమైన రేవు. డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభంలోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ, ఫ్రెంచివారు 1669లోనూ ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుండి కోటను పట్టుకొన్నాడు. కనుక ఇక్కడి మట్టిలో పలు ప్రభుత్వాల నాణేలు కలగలిసి ఉండవచ్చు.

వాటిని గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. పెద్ద ‘వి’ అక్షరపు రెండు చేతుల మీద ‘ఓ’, ‘సి’ పెనవేసుకొని ఉంటే అది డచ్చి కంపెనీ నాణెం. రూపాయికి 48 చొప్పున అని ఇంగ్లీషులో ముద్రించిన 1794 నాటి రాగి నాణెం ఇంగ్లీషు కంపెనీవారు ఉత్తర సర్కారుల కోసమే ఇంగ్లండులో వేయించినది. ఒకవైపు కంపెనీ చిహ్నము, రెండోవైపు పారశీక లిపి ఉన్న కాసులు 1803, 1808 సంవత్సరాలవి. రాజు విలియం తలబొమ్మ గల రూపాయి 1835 నాటిది. విక్టోరియాను ‘రాణి’ అని పేర్కొన్న నాణేలు 1840 నుండి, ‘చక్రవర్తిని’ అని పేర్కొన్నవి 1877 నుండి వెలువడ్డాయి.

పారశీక లిపి గల నాణెం మీద హిజ్రీ సంవత్సరం ఉండవచ్చు. ఆ అంకెలో 33వ వంతు తీసివేసి 622 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. హిజ్రీ 1172 అంటే 1758–59. అయితే ఇక్కడొక చిక్కున్నది. ఆలంగీరు పేరుతో, ఆర్కాటు ముద్రతో, 1172 అంకెతో ఉన్న రూపాయలను కంపెనీవారు 1807 తరువాత మద్రాసు టంకశాలలో యంత్రాలతో కొట్టించారు. జనానికి అలవాటైన ముద్ర గనుక పాత సంవత్సరాన్నే ఉంచారు. ఆ అంకెను మాత్రమే నమ్మి ఇల్లు ఫోర్డు నాటిదని తీర్మానించినవారు అర్ధశతాబ్ది వెనుకకు పోతారు. అంచు గుండ్రంగా, సమంగా ఉన్నదో లేదో కూడ చూడాలి. సుత్తితో కొట్టిన నాణేనికి అటువంటి అంచు రాదు.

ఇంకొక జాగ్రత్త ఏమంటే, ఇది డెల్టా నేల. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో బందరు మునిగి సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. వరద మట్టిని మోసుకొస్తుంది. మెరక చేయడానికి మనుషులూ మోసుకొస్తారు. కాబట్టి ఒంటరి నాణెం ఇంటి వయస్సుకు సాక్ష్యం కాదు. ఎంత లోతున, ఏ వస్తువులతో కలిసి దొరికిందో వెంటనే రాసిపెట్టుకోవాలి. చింతపండుతోనో బూడిదతోనో తోమితే రాగి మీది ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలూ పోతాయి.

దొరికిన వస్తువు ఎవరిదన్నది చివరి ప్రశ్న. ఫిఖ్‌హ్‌లో సైతం దీని జవాబు గుర్తింపు మీదనే ఆధారపడుతుంది. ఇస్లామీయ ముద్ర ఉన్న ధనం పోగొట్టుకొన్నవారి సొత్తుగా, అంటే లుఖతాగా ఎంచబడి, ప్రకటించవలసి వస్తుంది. ఇస్లాముకు పూర్వపు ఆనవాళ్లున్న పాతర రికాజ్ అవుతుంది. అందులో ఐదవ వంతు చెల్లించాలి. ఇక దేశ చట్టం విషయానికి వస్తే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రక్షిత ప్రాంతాల్లో అనుమతి లేకుండా తవ్వరాదు. నూరేళ్లు దాటిన పురావస్తువులను ప్రయివేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 చట్టం నిషేధించింది.

నాణేన్ని వెంటనే అమ్మజూపేవారికి లోహం వెల మాత్రమే చేతికొస్తుంది. దొరికిన చోటుతో సహా నమోదు చేసినవారి వల్ల మాత్రం ఆ వూరి చరిత్రకు ఒక పంక్తి చేరుతుంది.