తులసి యేది? భూతులసి యేది?

మన గోదావరి మండలములలో తులసికోట లేని పెరడు అరుదు. కోటలోనిది ప్రక్కయింటివారిచ్చిన మొక్కయో, కడియపులంక తోటలలో కొన్నదో యగును. అది యే తులసియో పరీక్షించువారు మాత్రము మఱియు అరుదు. ఈ చిక్కునకు మూలము పేర్లే. రామతులసి యన్నచో ఉత్తరదేశమున పచ్చని పూజాతులసి. మనలో పలువురకు నిలువెత్తు పెరుగు వేఱొక పొద. కావున పేరును నమ్మక కాండమును, ఆకును, వాసనను నమ్ముడు.

పూజాతులసి లేతకొమ్మను వ్రేళ్లతో తడవినచో సన్నని నూగు తగులును. ఆకు అంచున చిన్న గంట్లుండును, వెన్ను సన్నము, పూలు చిన్నవి, ఊదావన్నెవి. ఆకు నలిపినచో లవంగపు ఘాటు వచ్చును. పచ్చనిది లక్ష్మీతులసి, కాండమును ఈనెలును నల్లబారినది కృష్ణతులసి. నల్లదానియందే మందుగుణము హెచ్చని పలువురి నమ్మకము. పదునాఱవ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున రెండును గుణమున సమానములే యనెను. నేనాయన పక్షమువాడను. వృక్షశాస్త్రజ్ఞులకును అవి యొక్క జాతియే. ఆ జాతికే లిన్నేయసు పండితుడు 1753లో ఒక పేరును, 1767లో మఱియొక పేరును పెట్టెను! ఇక మన సంగతి చెప్పనేల?

భూతులసి, అనగా రుద్రజడ, వేఱు జాతి. ఆకు నున్నగా మెఱయుచుండును, పూలు తెలుపు, వాసన తీయన. దాని నల్లని విత్తులే సబ్జాగింజలు. వానిని నీట వేసి కొన్ని నిమిషములు చూడుడు: ఒక్కొక్క గింజయు తెల్లని జిగురుపొర కప్పుకొని కప్పగ్రుడ్డువలె ఉబ్బును. రోహిణికార్తె యెండలలో పటికబెల్లపు నీటితో మనవారు త్రాగునది యిదియే. నానని గింజలు పిల్లలకు పెట్టరాదు. గొంతులో ఉబ్బి ఊపిరికి అడ్డుపడవచ్చును.

పైన జెప్పిన నిలువెత్తు రామతులసికి అరచేయంత ఆకు. దానిని మరగించి ఆవిరి పట్టుదురు. కుక్కతులసి గట్లపైన, బీళ్లలోన తనంత మొలచును. ఆకు చిన్నది; ఎండిన కొమ్మల పొగ దోమలను తోలుటకు పనికివచ్చును.

జలుబునకు, దగ్గునకు పూజాతులసి యాకును అల్లముతో, మిరియముతో కాచిన కషాయము తరతరాల గృహవైద్యము. రసమును తేనెతో నాకించుటయు గలదు. ఇక్కడ నొకమాట గట్టిగా చెప్పవలసియున్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని నేటి వైద్యుల నిశ్చయము. తేనెలో దాగియుండు సూక్ష్మజీవి బీజములు ఆ లేతప్రేగులలో మొలచి విషము పుట్టింపవచ్చును. పసిబిడ్డకు ఎగశ్వాస పుట్టినపుడు రసము పోయుచు ప్రొద్దుపుచ్చక వైద్యునొద్దకు పరుగిడుడు. కోతలలో పాము కఱచినవానికి తులసిరసము త్రాగించుచు గంటలు గడుపుట అంతకన్న ఘోరము. ఏ తులసియు పాము విషమును విఱువదు. ఆసుపత్రిలోని సూదిమందే విఱుచును.

మొక్క కొనునపుడు అమ్మువాడు చెప్పిన పేరు వినుడు. ఒక ఆకు నలిపి వాసన చూచి, పిమ్మట బేరమాడుడు. వెన్నులు ముదురకమున్నే త్రుంచుచుండినచో మొక్క చాలకాలము గుబురుగా ఆకువేయును.