బొటిక్ వెనుక ఉన్న లెక్క

విజయవాడలో వస్త్రవ్యాపారమనగానే వన్‌టౌనులోని వస్త్రలత, బీసెంటు రోడ్డులోని పెద్ద దుకాణములు జ్ఞప్తికి వచ్చును. నేడు వానితోపాటు పేటపేటలోను, తరచు ఇంటి ముందుగదిలోనే, 'బొటిక్' అను చిన్న దుకాణములు వెలసినవి. ఇవి ఎట్లు నడచుచున్నవో విద్యార్థులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెద్ద దుకాణము సరుకును అమ్మును. బొటిక్ ముఖ్యముగా పనితనమును అమ్మును. గుడ్డకు మన ప్రాంతమున కొదువ లేదు. సమీపమునే మంగళగిరి చేనేత ఉన్నది. బందరు వద్ద పెడనలో చెక్క అచ్చులతో అద్దు కలంకారీ ఉన్నది. ఇక రవికలపై చేయు మగ్గం పనిలో జర్దోజీ ముఖ్యమైనది. పారసీకమున 'జర్' అనగా బంగారము, 'దోజీ' అనగా కుట్టుపని. ఈ విద్యలో ముస్లిం పనివారు తరతరాలుగా పేరెన్నికగన్నవారు.

పని జరుగు క్రమము ఇది: మొదట కొలతలు తీసికొని, అడ్వాన్సు పుచ్చుకొందురు. గుడ్డపై రవిక ఆకృతిని గీసి, చట్రమునకు బిగించి, కొక్కెపు మొన గల ఆరీ సూదితో జరీ, పూసలు కుట్టుదురు. అటుపిమ్మటనే కత్తిరించి రవిక కుట్టుదురు. కనుక పనివాని చేయి పొరపడినచో గుడ్డ యావత్తు నష్టమే.

లెక్కకు ఒక ఉదాహరణము ఊహింతము. ఒక రవికకు 3,000 రూపాయలు వచ్చినవనుకొందము. అందులో మగ్గం కూలి 1,500, గుడ్డ, లైనింగు 300, జరీ, పూసలు 300, కుట్టుకూలి 400 పోగా మిగులునది 500. గది అద్దె నెలకు 12,000 అయినచో, అద్దెకొరకే 24 రవికలు కుట్టవలెను. కరెంటు ఖర్చు, సరిచేయు పని, యజమానురాలి శ్రమ ఇంకను లెక్కలోనికి రానేలేదు!

పెండ్లి ముహూర్తములు, రంజాను పండుగ వచ్చినపుడు పని ఊపిరాడనీయదు. ఆషాఢమున పెండ్లిండ్లు ఉండవు. అద్దె మాత్రము ఆగదు. కావున పని ఉన్న నెలల మిగులును పని లేని నెలలకు దాచవలెను. ముహూర్తము దాటిన తరువాత అందిన రవిక ఎంత అందముగా ఉన్నను వ్యర్థమే. ఆ ఇంటివారు మరల రారు.

మేము గమనించినంతలో ఈ దుకాణములను దెబ్బతీయునవి మూడు. అడ్వాన్సును లాభమని తలచి ఖర్చు చేయుట మొదటిది. పని పూర్తియగువరకు అది అప్పు వంటిదే. పరిచయస్థులకు అరువిచ్చుట రెండవది. తన శ్రమకు వెల కట్టకపోవుట మూడవది. ఈ మూడింటి భారము కడకు పనివాని కూలిపై పడును. కూలి ఆలస్యమైనచో నేర్పరియైన పనివాడు మరియొక దుకాణమునకు పోవును. అతనితో బొటిక్ పేరును పోవును.

మన విద్యార్థినులలో సూది పట్టగల నేర్పరులు లేకపోలేదు. వారికి కళ నేర్పువారు ఇండ్లలోనే ఉన్నారు. లెక్క నేర్పువారే కావలెను. కుట్టుపనితోపాటు జమాఖర్చులు వ్రాయుటను గూడ నేర్పు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము.