లేని లాటిన్‌కూ ఒక వ్యాకరణం

ఇంగ్లీషులో ఆఫీసు నోట్ రాసినా, పరిశోధన వ్యాసం రాసినా ఇ.జి., ఐ.ఇ., ఎన్.బి. లాంటి పొడి అక్షరాలు దొర్లుతూనే ఉంటాయి. ఇవన్నీ లాటిన్ మాటలకు కుదింపులు. రోమన్ల ఏలుబడి పోయాక కూడా యూరప్‌లో చదువు, చర్చి, వైద్యం, న్యాయం శతాబ్దాల పాటు లాటిన్‌లోనే సాగాయి. అందుకే అవి మిగిలాయి. వాటి పక్కనే మరో సంతతి పెరిగింది: ఏ రోమనూ ఎన్నడూ పలకకపోయినా, చెవికి లాటిన్‌లా వినిపించే మాటలు. ఇంగ్లీషువాళ్లు దీన్ని డాగ్ లాటిన్ అంటారు. చదువురానివాళ్ల అల్లరిగా దీన్ని తీసిపారేయడం తప్పు. పెద్ద భాష ముందు మామూలు మనిషికి కలిగే బెరుకును పోగొట్టింది ఈ పరిహాసమే. పైగా ఆ పని చేయాలంటే అసలు భాష పోకడ బాగా తెలిసి ఉండాలి.

ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్ 1673లో ప్రదర్శించిన చివరి నాటకం 'లె మలాద్ ఇమాజినేర్' ఇందుకు మంచి సాక్ష్యం. ఆ రోజుల్లో పారిస్‌లో వైద్యవిద్య పరీక్షలు లాటిన్‌లోనే జరిగేవి. నాటకం చివర ఒకరికి వైద్య పట్టా ఇచ్చే వేడుక ఉంటుంది. పండితులు ఫ్రెంచ్ మాటలకే లాటిన్ తోకలు తగిలించి ప్రశ్నలు వేస్తారు. ఏ జబ్బు పేరెత్తినా అభ్యర్థి జవాబు ఒకటే: ఎనిమా ఇవ్వాలి, నెత్తురు తీయాలి, విరేచనం చేయించాలి. నల్లమందు నిద్ర ఎందుకు తెప్పిస్తుందంటే, దానిలో నిద్ర తెప్పించే గుణం ఉంది కనుక అని చెప్పి శభాష్ అనిపించుకుంటాడు. ఆ జవాబులో విషయం సున్నా. లాటిన్ మోత వల్ల ఏదో ఉన్నట్టు తోస్తుంది. ప్రాణం వైద్యుడి మాట మీద ఆధారపడినప్పుడు, ఆ మాటలో సారమెంత అని అడిగే హక్కు రోగికి ఉంది. మోలియేర్ ఆ ప్రశ్నను నవ్వుతో అడిగించాడు.

ఏ శబ్దాలు పడితే అవి పేర్చితే ఈ నవ్వు పుట్టదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైనికుల నోట పుట్టిందని చెప్పే 'ఇల్లెజిటిమీ నాన్ కార్బోరండమ్' చూడండి. నీచులు నిన్ను అరగదీయకుండా చూసుకో అని దాని భావం. కార్బోరండమ్ నిజానికి సిలికాన్ కార్బైడ్ అనే సానపట్టే పదార్థానికి 1890లలో అమెరికాలో పెట్టిన వ్యాపారనామం. దాని చివరి 'అండమ్' ఒక లాటిన్ క్రియారూపాన్ని తలపిస్తుంది కాబట్టే వాక్యం నిలబడింది. అమెరికన్ జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ దీన్ని తన నినాదం చేసుకున్నాడు. మార్గరెట్ ఆట్‌వుడ్ 1985 నవల 'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో, స్త్రీలకు చదవడం నిషేధమైన రాజ్యంలో, ఒక బందీ ఇలాంటి వాక్యాన్నే అలమారాలో గీసిపెడుతుంది. తర్వాత ఆ గదిలోకి వచ్చిన కథానాయికకు, అర్థం తెలియకముందే, అది ధైర్యం ఇస్తుంది. బడిపిల్లల వేళాకోళమని తర్వాత తెలిసినా ఆ ధైర్యం అబద్ధమైపోదు.

అసలు లాటిన్‌తో ఆడిన ఆట కూడా ఇలాంటి ధైర్యాన్నే చూపుతుంది. సింధ్‌ను ఆక్రమించిన బ్రిటిష్ సేనాని చార్లెస్ నేపియర్ 'పెక్కావీ' అని ఒక్క మాటలో కబురు పంపాడని 1844లో 'పంచ్' పత్రిక రాసింది. ఆ మాటకు 'పాపం చేశాను' అని అర్థం. ఆ అర్థాన్ని ఇంగ్లీషులో పలికితే 'సింధ్ నా చేతికి వచ్చింది' అన్నట్టు వినిపిస్తుంది. ఇది నేపియర్ మాట కాదు, కాథరీన్ వింక్‌వర్త్ అనే అమ్మాయి కల్పన. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉన్న కాలంలో, ఆ చదువుల భాషతోనే ఆమె ఒక దురాక్రమణకు పాపమని పేరు పెట్టగలిగింది.

ఇలాంటి ఆటలు భాషను పాడుచేస్తాయని కొందరి వాదన. మన అనుభవం అలా చెప్పదు. 'మాయాబజార్' (1957) సినిమా కోసం పింగళి నాగేంద్రరావు 'అస్మదీయులు'కు జోడుగా 'తస్మదీయులు' కల్పించారు. మొదటిది సంస్కృతం, రెండోది సంస్కృత వ్యాకరణం ఒప్పని రూపం. దానివల్ల సంస్కృతానికి ఏ లోటూ రాలేదు, తెలుగు రాజకీయ వార్తలకు మాత్రం పనికొచ్చే మాట దొరికింది. ఆ జోడీని ఆస్వాదించడానికి వ్యాకరణం చదవనక్కర్లేదు, చెవి చాలు. కాబట్టి ఇది పండితుల గుంపుకే పరిమితమైన సరదా అనే మాటా నిలవదు.

మరో అభ్యంతరం బలమైనది: తెలియని పొడి అక్షరాలు పాఠకుణ్ణి తికమక పెడతాయి. ఇది నిజం. మందుల చీటీ మీద ఎస్.ఓ.ఎస్. అంటే 'అవసరమైతేనే' అనే లాటిన్ మాటకు కుదింపు. ఆపద పిలుపుగా పొరబడే వీలుంది. ఇ.జి., ఐ.ఇ.లను తన వెబ్‌సైట్ నుంచి తొలగిస్తామని బ్రిటిష్ ప్రభుత్వం 2016లో ప్రకటించింది కూడా పాఠకులకు అవి అడ్డు వస్తున్నాయనే. అయితే ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టినవి నిజమైన లాటిన్ కుదింపులే, పరిహాసానికి పుట్టినవి కావు. మందు మోతాదు, చట్టం, దరఖాస్తు ఫారం అందరికీ అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి. అక్కడ అసలు లాటిన్‌కూ చోటు లేదు, కల్పిత లాటిన్‌కూ లేదు. తక్కిన రాతల్లో ఈ ఆటను అడ్డుకోవాల్సిన పని లేదు. మోలియేర్ కోరిందీ, నేటి పాఠకుడు కోరుతున్నదీ ఒకటే: మాట ఎంత గంభీరంగా మోగినా, దాని అర్థం వినేవాడికి చెప్పి తీరాలి.