ప్లాసెంటల్ సైట్ నాడ్యూల్

ప్లాసెంటల్ సైట్ నాడ్యూల్ అనగా గర్భం ముగిసిన తరువాత మాయకు చెందిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు కొన్ని గర్భాశయంలో మిగిలిపోయి ఏర్పడే చిన్న బుడిపె. ఇది క్యాన్సరు కాదు. సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లకు మించదు. గర్భాశయపు లోపలి పొరలోను, గర్భాశయ ముఖద్వారంలోను కనిపిస్తుంది. 1990లో యంగ్, కర్మన్, స్కల్లీ అనే వైద్యులు 20 మంది రోగులను పరిశీలించి దీనిని వివరంగా వర్ణించారు.

==బయటపడే విధం==
దీనికి ప్రత్యేక లక్షణాలంటూ లేవు. అధిక రక్తస్రావానికి గర్భాశయపు పొరను గీకి తీసినప్పుడో, పాప్ పరీక్షలో తేడా వచ్చి ముఖద్వారం నుండి ముక్క తీసినప్పుడో యాదృచ్ఛికంగా దొరుకుతుంది. చివరి కాన్పు లేక గర్భస్రావం జరిగి కొన్నేళ్ళు గడచి ఉండవచ్చు. రక్తంలో హెచ్.సి.జి. హార్మోను సాధారణంగా పెరగదు. కనుక పాత గర్భం సంగతి రోగికి గాని, వైద్యునికి గాని తోచదు.

==రోగ నిర్ధారణ==
సూక్ష్మదర్శినిలో స్పష్టమైన అంచులు గల, గాజువంటి గులాబీరంగు పదార్థం కనిపిస్తుంది. అందులో చెదరిన కణాలలో కొన్నింటి కేంద్రకాలు పెద్దవిగా, వంకరగా ఉంటాయి. ముఖద్వారంలో ఉన్నప్పుడు దీనిని స్క్వేమస్ కణ క్యాన్సరుగా పొరబడే అవకాశం ఎక్కువ. అలా పొరబడితే అనవసరంగా గర్భాశయాన్నే తొలగించే ప్రమాదం ఉంది.

కణాలలోని ప్రోటీన్లకు రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష ఇక్కడ ఉపయోగపడుతుంది. అయితే పి63 ఒక్కటే చూడడం చాలదు, అది రెండింటిలోను కనబడుతుంది. నాడ్యూల్‌లో ఇన్హిబిన్ కనబడుతుంది, పి16 సాధారణంగా కనబడదు. స్క్వేమస్ క్యాన్సరులో చాలావరకు ఇందుకు విరుద్ధం.

ఇదే జాతి కణాలనుండి పుట్టే ఎపిథీలియాయిడ్ ట్రోఫోబ్లాస్టిక్ ట్యూమర్ (1998లో షీ, కర్మన్ వర్ణించినది) నుండి వేరుచేయడం మరింత కష్టం. అందులో కూడా ఇన్హిబిన్ ఉంటుంది. అక్కడ కణవిభజనను తెలిపే కీ-67 ముఖ్యం. నాడ్యూల్‌లో అది సాధారణంగా 8 శాతం లోపు, ట్యూమర్‌లో 10 శాతం పైన ఉంటుంది. తీసిన ముక్క మరీ చిన్నదైతే, పెద్ద గడ్డ అంచు మాత్రమే చిక్కిందేమో అన్న అనుమానం మిగులుతుంది. అప్పుడు స్కానింగు తప్పనిసరి.

==పేర్ల గందరగోళం==
1976లో కర్మన్ బృందం మాయ అంటుకొన్న చోట ఏర్పడే మరొక గడ్డను నిరపాయకరమని భావించి "ట్రోఫోబ్లాస్టిక్ సూడోట్యూమర్" అని పిలిచింది. తరువాత వాటిలో కొన్ని ఇతర అవయవాలకు వ్యాపించి ప్రాణం తీయడంతో, 1981లో స్కల్లీ, యంగ్ దాని పేరును "ప్లాసెంటల్ సైట్ ట్రోఫోబ్లాస్టిక్ ట్యూమర్"గా మార్చారు. నాడ్యూల్‌తో పేరు కలిసినా ఇది వేరు వ్యాధి.

==చికిత్స==
మామూలు నాడ్యూల్‌కు చికిత్స అవసరం లేదు. కణాలు దట్టంగా ఉండి, కీ-67 ఎక్కువైతే అసాధారణ నాడ్యూల్ అంటారు. 2015లో లండన్ నుండి ప్రచురితమైన పరిశీలనలో అటువంటి 21 మందిలో 3గురికి క్యాన్సరు స్వభావం గల ట్రోఫోబ్లాస్టిక్ గడ్డ ఉన్నట్లో, తరువాత ఏర్పడినట్లో తేలింది. కాబట్టి వీరికి స్కానింగు, హెచ్.సి.జి. పరీక్షలతో వైద్య పర్యవేక్షణ కొనసాగిస్తారు.