చిన్న సినిమా కదా అని వదిలేయొద్దు

మార్నింగ్ షో వదిలాక థియేటర్ మెట్ల మీద తరచూ వినపడే మాట ఒకటుంది. ‘‘చిన్న సినిమా కదండీ, ఆమాత్రం తీశారంటే గొప్పే.’’ అన్నవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ ఆ మాట వల్ల సినిమా తీసినవాళ్లకి ఒరిగేదేమీ లేదు. బాగున్నది ఎందుకు బాగుందో, చెడింది ఎక్కడ చెడిందో చెప్పకుండా భుజం తట్టి పంపించేస్తున్నాం. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మాట ఉంది: ‘‘క్వాలిటీ లేదు.’’ వందల కోట్లు పోసి తీసిన సినిమాని పక్కన నిలబెట్టి, ఇందులో అది లేదు, ఇది లేదు అని లెక్కపెట్టడం. లేనివి లెక్కపెడుతూ కూర్చుంటే ఉన్నది ఎప్పుడు చూస్తాం?

నేను ఈ సినిమాలు ఏళ్ల తరబడి వెతుక్కుని మరీ చూస్తున్నాను. దెయ్యం కథలు, హత్య కథలు, ఎక్కడో ఇరుక్కుపోయిన మనిషి ప్రాణం దక్కించుకునే కథలు. చూడగా చూడగా నాకు మిగిలిన కొలత ఒకటే. చేతిలో డబ్బు లేకపోవడం తెర మీద లోటుగా కనపడుతోందా, కథలోకి ఇంకిపోయిందా? ఇంకిపోతే అది చిన్న సినిమా కాదు, సినిమా.

కొత్త దర్శకుడు ఎక్కువగా దెయ్యం కథో హత్య కథో పట్టుకుని ఎందుకొస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు. ఒక ఇల్లు చాలు, నలుగురు నటులు చాలు. పెద్ద హీరో కాల్షీట్ల కోసం ఏడాది తిరగక్కర్లేదు, భయమే హీరో. చిక్కల్లా ఎక్కడంటే, దెయ్యం తిరిగేది రాత్రి. రాత్రి షూటింగ్ అంటే లైట్లు, జనరేటర్, యూనిట్ మొత్తానికీ నిద్ర లేకపోవడం, తెల్లారేలోగా అయిపోవాలన్న తొందర. ఆ ఖర్చు భరించలేక కొందరు పగలే తీసేసి, తర్వాత రంగులు దిద్దే డీఐ దశలో నీలం రంగు పులిమి రాత్రి అనిపించబోతారు. నేల మీద పడే నీడలు మాత్రం ఎండ నీడలే. ప్రేక్షకుడు దాన్ని మాటల్లో చెప్పలేకపోవచ్చు, కన్ను మాత్రం నమ్మదు.

ఈ చిక్కుని ఎలా విప్పుకోవాలో 1942లోనే వాల్ లూటన్ అనే నిర్మాత చూపించాడు. హాలీవుడ్‌లో ఆర్‌కేఓ స్టూడియో ఆయన చేతిలో ఒక పేరు పెట్టి, లక్షా యాభై వేల డాలర్లు దాటకుండా సినిమా తీయమంది. పేరు ‘క్యాట్ పీపుల్’. దర్శకుడు జాక్ టూర్నర్. చిరుతగా మారే ఆడమనిషి కథ అది. చిరుతని నమ్మకంగా చూపించే డబ్బు లేదు. అందుకని పార్కు పక్కన రాత్రి ఒక అమ్మాయిని నడిపించారు. వెనకాల హైహీల్స్ టకటక. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. అమ్మాయి నడక పెరుగుతుంది. ఏదో మీద పడబోతోంది అనుకునే క్షణంలో బుస్సుమంటూ ఫ్రేములోకి దూసుకొచ్చేది సిటీ బస్సు. హాల్లో జనం ఎగిరిపడ్డారు. ఇప్పటికీ సినిమావాళ్లు ఆ ఎత్తుగడని ‘లూటన్ బస్సు’ అనే పిలుస్తారు.

1978 నాటి ‘హాలోవీన్’ సంగతీ ఇలాంటిదే. కథలో ఆకురాలు కాలం, షూటింగ్ జరిగింది కాలిఫోర్నియా వసంతంలో. ఆకులకి గోధుమ రంగు వేసి రోడ్డు మీద చల్లేవాళ్లు. షాట్ కాగానే మళ్లీ ఏరి సంచుల్లో నింపుకునేవాళ్లు, రేపటికి కావాలి కదా. దాదాపు అరవై వేల డాలర్లతో మొదలై సుమారు 25 కోట్ల డాలర్లు తెచ్చిన ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999), పదిహేను వేల డాలర్లతో దర్శకుడు ఓరెన్ పెలి సొంతింట్లోనే తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ (2007) గురించి అందరికీ తెలుసు. ఆ అంకెలే మనవాళ్లని తప్పుదారి పట్టించాయని నా అనుమానం. కెమెరా ఊగితే చాలు భయం పుడుతుందనుకున్నారు. ఆ రెండు సినిమాల్లో అసలు పనితనం ఊగడంలో లేదు. ఏం చూపించకూడదో ముందే తేల్చుకోవడంలో ఉంది.

వెంటపడే కెమెరా

మన దగ్గర ఈ పనితనానికి రెండు చివర్లూ ఒకే దర్శకుడి సినిమాల్లో దొరుకుతాయి. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ మరీ చిన్న సినిమా అనలేం గానీ, అందులో పెద్ద హీరో లేడు. రేవతి ఉంది, ఒక కుటుంబం ఉంది, కొత్తగా దిగిన ఇల్లు ఉంది, ఆ ఇంటి కింద చీకటి గది ఉంది. మొదట్లోనే మనుషుల జాడ లేని చోట రేవతి ఒంటరిగా నడుస్తుంటే, వెంటపడేదేమిటో వర్మ చూపించడు. కెమెరానే వెంటపడుతుంది. అంటే ఆమెని తరుముతున్న కళ్లు మనవే. ఆ తర్వాత చాలాసేపు ఇంట్లో మామూలు బతుకే. తినడం, తిట్టుకోవడం, చిన్నపిల్లాడి అల్లరి, ఒక పిల్లి. ఆ మామూలుతనం మీద దర్శకుడికి నమ్మకం ఉంది కాబట్టే, అదే పిల్లి తర్వాత మన గుండె ఆపగలిగింది. మణిశర్మ నేపథ్య సంగీతం కూడా ఎక్కడ ఊరుకోవాలో తెలిసిన సంగీతం.

ఇరవై రెండేళ్ల తర్వాత అదే దర్శకుడు ‘ఐస్ క్రీమ్’ తీశాడు. మళ్లీ ఇల్లే, మళ్లీ ఒంటరిగా ఒక అమ్మాయే. ఫ్లోక్యామ్ అనే కొత్త పరికరం గురించి విడుదలకి ముందు చాలా ప్రచారం జరిగింది. కెమెరా నిజంగానే నీళ్లలా జారుతుంది, మెట్లెక్కుతుంది, దిగుతుంది, గదులన్నీ తిరిగొస్తుంది. ఎవరి కళ్లతో తిరుగుతోందో మాత్రం ఎంతకీ తెలియదు. ఆ అమ్మాయి ఎవరో, దేనికి నవ్వుతుందో తెలియనప్పుడు ఆమెకి ఏమైతే మనకేంటి? అంతకు ముందు 2011లో చిన్న కెనాన్ కెమెరాలతో అయిదే రోజుల్లో ఆయన చుట్టేసిన ‘దొంగల ముఠా’లోనూ ఇదే తేడా. ఎంత తక్కువలో తీశాం, ఎన్ని రోజుల్లో తీశాం అన్నది నిర్మాత లెక్క. చూసేవాడి లెక్కలోకి అది రాదు. ‘రాత్రి’ని అభిమానించేవాణ్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

శబ్దం గురించి ఒక మాట. చిన్న సినిమా దొరికిపోయేది ముందు చెవులకే. ఫ్రేము మసగ్గా ఉంటే చీకటి అని సర్దుకుంటాం. డబ్బింగ్ గొంతు పెదవులకి అంటుకోకపోతే మాత్రం ఆ పాత్ర చచ్చినట్టే. దాన్ని కప్పిపుచ్చడానికి ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం, పెంచేస్తారు. తలుపు తీస్తే ఢాం, తిరిగి చూస్తే ఢాం, చివరికి వచ్చింది పాలవాడు. ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడతాం, మూడోసారికి చెవులు మూసుకుంటాం. ఉలికిపాటు వేరు, భయం వేరు. భయం ఇంటికి వెళ్లాక, బాత్‌రూమ్ లైటు వేసేటప్పుడు గుర్తొచ్చేది.

ఫ్లాష్‌బ్యాక్ జబ్బు

2022లో వచ్చిన ‘మసూద’ నాకు అలా గుర్తొచ్చే సినిమా. సాయికిరణ్ దర్శకుడు. సంగీత చేసిన నీలం పాత్ర భర్త నుంచి విడిగా, కూతురితో అద్దెకుంటున్న టీచరమ్మ. పక్క ఫ్లాట్‌లో గోపి, తిరువీర్ చేశాడు. పిరికివాడు. కూతురు నాజియా ఒంట్లో ఏదో చేరింది. ఇప్పుడు ఆ తల్లి ఏం చేయాలి? అర్ధరాత్రి, పక్కింటి కుర్రాడి తలుపు తట్టాలి. ఆ తట్టడంలో ఎంత ఉందో చూడండి. ఒంటరి ఆడది ఆ వేళప్పుడు పెళ్లికాని కుర్రాడి గుమ్మంలో నిలబడితే అపార్ట్‌మెంట్ ఏమంటుందో ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. దెయ్యం కంటే ముందు ఆ భయం ఉంది. తలుపు తీసినవాడు ధీరుడు కాదు. ఒక్కో అడుగూ ఇష్టం లేకుండానే వేస్తాడు, అయినా వేస్తాడు. రెండు ఫ్లాట్లు, మధ్యలో వరండా, ఒక తలుపు. వీటికి పెద్ద ఖర్చేముంది? తెలుగు హారర్‌లో ఇంత బలమైన మొదటి సగం నేను అరుదుగా చూశాను.

రెండో సగంలో సినిమా ఆ ఇల్లు వదిలి మసూద ఎవరో వెతుకుతూ బయల్దేరుతుంది. అక్కడ పట్టు సడలింది. మొత్తం నిడివి రెండు గంటల నలభై నిమిషాల దాకా వెళ్లింది. బురఖాలో ఉన్న ఆకారాన్నే భయానికి గుర్తు చేయడం కూడా నాకు నచ్చలేదు. దారి చూపించే పెద్దమనిషీ ముస్లిమే అయినా, పోస్టరు మీద మిగిలేది ఆ నల్ల బురఖానే.

మన హారర్‌కి ఇది పాత జబ్బు. ఇంటర్వెల్ దాకా ఇల్లు, ఇంటర్వెల్ తర్వాత దెయ్యం ఆత్మకథ. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఎంత మంచిది, ఎంత అన్యాయం జరిగింది. అంతా వివరించేసరికి భయం జాలిగా మారిపోతుంది, ఆపైన అది పగ సినిమా. రవిబాబు ‘అవును’ (2012)లో దెయ్యం మన కళ్లకి కనపడనంతసేపూ, పక్కింటి పిల్లాడు గాలిలోకి చూసి మాట్లాడుతున్నంతసేపూ వెన్నులో చలి పుడుతుంది. ఆ పిల్లాడి చూపుకి అయిన ఖర్చు సున్నా. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడాక మరో జబ్బు తోడైంది. ప్రతి దెయ్యం ఇంట్లోనూ ఒక కమెడియన్ చేరాడు. నవ్వు తప్పు కాదు. భయపడాల్సిన మనిషి ముందే నవ్విస్తే, ఆ తర్వాత అతని అరుపుని ఎవరు నమ్ముతారు?

‘మా ఊరి పొలిమేర’ (2021) గురించి చెప్పాలంటే రెండు మనసులతోనే చెప్పాలి. అనిల్ విశ్వనాథ్ ఒక ఊరిని తెర మీద నిలబెట్టాడు. ఆటో తోలే కొమురయ్యగా సత్యం రాజేశ్‌ని చూస్తే ఎప్పుడూ పక్క పాత్రల్లో వాడేసుకున్న నటుడిలో ఇంత ఉందా అనిపించింది. కామాక్షి భాస్కర్ల చేసిన భార్య పాత్ర ఊరి మనిషే, సినిమా మనిషి కాదు. ఓటీటీలో మొదలైన ఈ కథ రెండో భాగానికి థియేటర్లకి ఎక్కిందంటే ఊరికే కాదు. కానీ అందులో చేతబడి నిజంగా పనిచేస్తుంది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదివే రాష్ట్రాల్లో ఉన్నాం మనం. దర్శకుడు సందేశం ఇవ్వాలని అనను. నిమ్మకాయలూ ముగ్గూ నిజమా, చూసేవాడి భ్రమా అన్న సందేహం ఒక్కటి మిగిల్చి ఉంటే కథకీ బలం, ఊరికీ మేలు.

క్రైమ్ కథలకి రాత్రి ఖర్చు లేదు, ఆలోచన ఖర్చు ఉంది. 2003లో చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ తీసినప్పుడు పేరున్న హీరో లేడు. నలుగురు నిరుద్యోగ కుర్రాళ్లు, ఒక విమానం హైజాక్ పథకం. ఎవరికి ఎప్పుడు ఏది తెలియాలి అన్న లెక్క మీదే సినిమా అంతా నడిచింది, జాతీయ అవార్డూ అందుకుంది. ‘క్షణం’ (2016) మొదలయ్యే ప్రశ్న చూడండి: తల్లి తన పాప తప్పిపోయిందంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు అసలు పాపే లేదంటారు. అంతే, ఇక లేవలేం. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019)కి నెల్లూరే సగం బలం. బలహీనత ఆఖర్లో వచ్చే వివరణ, ఒకే ఊపిరిలో అంత సమాచారం మోయలేం. ఇప్పుడొస్తున్న చాలా క్రైమ్ సినిమాల్లో పోలీసుకి బుర్ర అక్కర్లేదు. సీసీ కెమెరా చూస్తాడు, కాల్ డేటా తీయిస్తాడు, సిమ్ ఎక్కడుందో కనుక్కుంటాడు. చివర్లో హంతకుడి పగకి కారణంగా ఒక పసిపిల్ల మీద జరిగిన అఘాయిత్యాన్ని తెచ్చి పెడతారు. అంత పెద్ద బాధని పది నిమిషాల ముడి విప్పడానికి వాడుకోవడం చూస్తే నాకు కోపం వస్తుంది.

చలి గది

ప్రాణం కోసం పోరాడే కథలు మన భాషలో తక్కువే. 2020 నాటి ‘గతం’లో అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు అక్కడి మంచునీ, ఒంటరి ఇంటినీ వాడుకున్నారు. చేతికి అందేదాన్నే కథ చేసుకోవడం బాగుంది. హిందీ ‘ట్రాప్డ్’లో రాజ్‌కుమార్ రావు జనం లేని అపార్ట్‌మెంట్‌లో, పై అంతస్తు ఫ్లాట్‌లో ఇరుక్కుంటాడు. కింద ముంబయి నడుస్తూనే ఉంటుంది, అరుపు మాత్రం కిందికి చేరదు.

నేను అందరికీ చెప్పేది మాత్రం మలయాళ ‘హెలెన్’ (2019). చూడనివాళ్లు ఇక్కడే ఆపి, చూసొచ్చాక చదవండి. మత్తుకుట్టి జేవియర్‌కి అది మొదటి సినిమా. మాల్‌లోని చికెన్ రెస్టారెంట్‌లో పనిచేసే అమ్మాయి చలి గదిలో ఉండగా, చూసుకోకుండా తలుపు వేసేస్తారు. లోపల ఉన్నది ఆమె, కోడి మాంసం, అంతే. చలిని కెమెరా చూపించలేదు. అందుకని అన్నా బెన్ ముఖం మీద చూపించారు. పెదవులు పగలడం, చర్మం రంగు మారడం, కనురెప్పల మీద మంచు. ఆ మేకప్‌కి జాతీయ అవార్డు వచ్చింది, దర్శకుడికీ తొలి చిత్రం అవార్డు వచ్చింది. బయట తండ్రి వెతుకుతుంటాడు. స్టేషన్‌లో ఒక ఎస్సై ఆ అమ్మాయి ప్రేమ వ్యవహారం మనసులో పెట్టుకుని కావాలనే ఆలస్యం చేస్తాడు. లోపల డిగ్రీలు పడిపోతుంటే బయట ఒక మనిషి అహం గంటలు తినేస్తోంది. ఖరీదైన గ్రాఫిక్స్ ఏవైనా ఇంత భయపెట్టగలవా?

ఆమె ఎక్కడుందో చివరికి తెలిసేది మాల్ సెక్యూరిటీ గార్డు వల్ల. సినిమా మొదట్లో ఆ అమ్మాయి గేటు దగ్గర అతన్ని చూసి నవ్వుతుంది. అది చూసి మనం మర్చిపోతాం. ఎన్నో వందలమంది వచ్చిపోయే చోట అతన్ని చూసి నవ్వే మనిషి ఆమె ఒక్కతే. అందుకే అతనికి తెలుసు, ఈ రాత్రి ఆమె బయటికి రాలేదని. రెండోసారి చూసినప్పుడు, కథ ఇంకా మొదలే కాని ఆ మొదటి నవ్వు దగ్గరే నాకు గొంతు పట్టేసింది.