రిపోర్టులన్నీ బాగున్నాయి, మరి నొప్పి ఎందుకు?



మా ఓ.పీ.కి వచ్చే కొందరి చేతిలో పెద్ద కవరు ఉంటుంది. అందులోని ఎక్స్‌రే, ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ బాగానే ఉంటాయి. కాని గుండె దడ, ఒళ్లు నొప్పులు, కడుపుబ్బరం, అరికాళ్ల మంటలు, నీరసం నెలల తరబడి తగ్గవు. "ఏం లేదంటున్నరు సిస్టర్, మరి నేనేమన్నా నాటకమాడుతున్ననా?" అని అడుగుతారు.

నాటకం కాదు. మీ నొప్పి నిజమైనదే.

డాక్టరు ఎలా చెప్పాలి?

1999లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఇంగ్లండులోని లివర్‌పూల్ ప్రాంతంలో ఇలాంటి బాధలున్న 228 మందిని, డాక్టర్లు వారికి ఏమని వివరించారో పరిశోధకులు అడిగారు. జవాబులు మూడు రకాలుగా వచ్చాయి. కొందరు డాక్టర్లు జబ్బే లేదని కొట్టిపారేశారు. కొందరు రోగి చెప్పిన జబ్బుకే తలూపారు. మరికొందరు మాత్రం ఒంట్లో ఏం జరుగుతోందో వివరించి, తప్పు రోగిది కాదని చెప్పి, తనంతట తాను చేసుకోగల దారి చూపారు. రోగికి ధైర్యమిచ్చింది ఈ మూడో మాటే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన నరాలు కావలికుక్క లాంటివి. అపాయం వస్తే మొరుగుతాయి. జ్వరమో దెబ్బో తగ్గాక కూడా, లేదా బీడీల చాట ముందు ఏళ్లకేళ్లు వంగి కూర్చున్నా, గల్ఫ్‌కు పోయిన మనిషి గురించి బెంగ, అప్పు, నిద్రలేమి ఉన్నా, దొంగ పోయినా ఆ కుక్క మొరుగుతూనే ఉంటుంది. అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది. కండరాలు బిగిసి మెడ, నడుము నొస్తాయి. తెలియకుండానే ఊపిరి వేగమైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇవేవీ ఎక్స్‌రేలో కనబడవు.

తొందరపడకండి

సెలైన్ బాటిల్, బలం సూదితో ఇది పోదు. రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపు, కిడ్నీలు పాడవుతాయి. నడుము నొప్పికో, తెల్లబట్టకో గర్భసంచి తీయించుకునే ముందు ఇంకో డాక్టరును అడగండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసివేయగా, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి తీసివేశారు.

ఏం చేయాలి?

• ఒకే డాక్టరు దగ్గరకు, చెప్పిన తేదీకి వెళ్లండి. పాత రిపోర్టులు తీసుకెళ్లండి.
• నిద్ర గురించి, ఇంటి కష్టం గురించి కూడా చెప్పండి.
• రోజూ కొంచెం నడవండి. మెల్లమెల్లగా పెంచండి.
• దడ వచ్చినప్పుడు కూర్చొని ఊపిరి నిదానంగా వదలండి.
• ఇంటివారు "అంతా నీ మనసులోనే ఉంది" అనకండి.
• దిగులు ఎక్కువైతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వెంటనే రావలసినవి

బరువు తగ్గడం, దగ్గులో గాని విరేచనంలో గాని రక్తం, తగ్గని జ్వరం, నడిస్తే ఛాతీలో నొప్పి, ఒక చెయ్యి కాలు పడిపోవడం, ముట్లుడిగాక రక్తస్రావం. వీటిలో ఏది కనబడినా పాత రిపోర్టు బాగుందని ఆగవద్దు. మళ్లీ పరీక్ష అవసరమే.

– నర్సింగ్ సూపరింటెండెంట్